పన్నెండు అక్షరాల ఊపిరి

ఒక పెద్ద అడవిలో ఎవరికి ఏది కావాలన్నా ముందు గోరువంకని అడగాలి.

అడవి అంత పెద్దది. ఈ చివర పుట్టిన జంతువు ఆ చివర ఎలా ఉంటుందో చూడకుండానే ముసలిదైపోయేది. తేనె ఎక్కడ, ఉప్పునేల ఎక్కడ, పంటినొప్పికి మందు ఎక్కడ అని తిరిగితే కాళ్ళు అరగడమే తప్ప పని అయ్యేది కాదు. అందుకని వాగు ఒడ్డున నల్లమద్ది చెట్టు మీద ఒక కచేరీ పెట్టారు. దాన్ని ఆచూకీ కచేరీ అనేవారు. అందులో ఉద్యోగి ఒక్కతే, గోరువంక పేరిందేవమ్మ.

పున్నమికి ఒకసారి ఆమె అడవంతా ఎగిరి, ప్రతి కొట్టు ముందూ వేలాడే చెక్కపలక చదివి గుర్తుపెట్టుకునేది. ఎవరైనా వచ్చి ఏదైనా అడిగితే, ఆ సరుకు అమ్మే కొట్ల పేర్లూ, ఆ మాట పలక మీద రాసుకున్న కొట్ల పేర్లూ చెప్పేది. ఏ గుమ్మం ముందు ఎక్కువ అడుగులు పడ్డాయో రోజూ పొద్దున చూసొచ్చి, ఆ పేరు ముందు చెప్పేది. పలక లేని కొట్టుకి, వచ్చిపోయేవాళ్ళు ఏమని పిలుచుకుంటే అదే పేరు.

మూడో పేరు దాటి వినే ఓపిక ఆ అడవిలో ఎవరికీ ఉండేది కాదు.

ఒక్కో పేరుకి ఒక్కో ఊపిరి. ఊపిరికి పన్నెండు అక్షరాలు. పేరు అంతకంటే పొడుగైతే, పన్నెండులో పట్టినన్ని మాటలు చెప్పి, ఇంకా ఉంది అని తెలియడానికి చిన్నగా దగ్గేది. ఇది రూలు. పేరిందేవమ్మ ఏనాడూ రూలు తప్పలేదు. రూలు తప్పకపోవడం మంచి గుణమే. కానీ రూలు తప్పనివాళ్ళందరూ తప్పు చేయనివాళ్ళు కారు.

ఆ అడవిలో మందుల కొట్టు ఎలుగుబంటి కోటిలింగానిది. నేలవేము ఆకు కోసుకొచ్చి, రాతి మీద నూరి, పసరు పిండి, దొన్నెలో పోసి ఇచ్చేవాడు. వానాకాలం జ్వరాలకి అంతకు మించిన మందు లేదు. తాగినవాడు మొహం చిట్లించి, ఉమ్మి, కోటిలింగాన్ని నాలుగు తిట్లు తిట్టి, మూడో రోజుకి లేచి మేతకి వెళ్ళేవాడు. వెళ్తూ గుప్పెడు ఇప్పపూలో, రెండు దుంపలో గుమ్మం దగ్గర పెట్టేవాడు. కోటిలింగం పొట్ట గడిచేది దాని మీదే.

అతను పలక పెట్టుకోలేదు. అందుకని అందరూ దాన్ని చేదు కొట్టు అనేవారు. పేరిందేవమ్మ కూడా అదే చెప్పేది.

"జ్వరమా? చేదు కొట్టుకి పో."

ఆ పేరు వింటే కోటిలింగానికి చిన్నతనంగా ఉండేది. తన పని ఎంత మంచిదో అతనికి తెలుసు. తన పేరు ఎంత మంచిదో మాత్రం తెలియదు. నాలుక మీద పడ్డది చేదైనా ఒంటికి పట్టింది మందే అని నమ్మినవాళ్ళు పెట్టుకున్న పేరది. సిగ్గుపడితే పనికి సిగ్గుపడాలి గాని పేరుకి కాదు. ఇది చెప్పేవాళ్ళు అతనికి ఎవరూ లేరు.

ఆ ఏడు తొలకరికి వాగు అవతల కొండముచ్చు వీర్రాజు కూడా మందుల కొట్టు తెరిచాడు. వాగు నీళ్ళలో తేనె కలపడమే అతని వైద్యం. పలక మీద అమృతధార అని చెక్కించాడు. అతనిది పెద్ద కుటుంబం. నలభై మంది కొండముచ్చులు పొద్దునా సాయంత్రం గుమ్మం ముందు అటూ ఇటూ నడిచేవారు. పేరిందేవమ్మ అడుగులు చూసింది. అడుగు ఎవరిదని అడిగే రూలు లేదు. నాలుగు రోజుల్లో అమృతధార మొదటి పేరైంది, చేదు కొట్టు రెండోది.

జ్వరంతో వణికేవాడికి ఒకవైపు అమృతం, ఒకవైపు చేదు అని చెబితే ఎటు పోతాడో వేరే చెప్పనక్కర్లేదు. కోటిలింగం గుమ్మం ముందు ఇప్పపూలు రాలడం ఆగిపోయింది.

అప్పుడొచ్చాడు నక్క వరహాలు.

వరహాలుది పేర్లు పెట్టే వ్యాపారం. ఎలాంటి పేరు పెడితే గోరువంక నోట ముందు పడుతుందో తనొక్కడికే తెలుసని చెప్పుకునేవాడు. అందరూ అతన్ని నామాల వరహాలు అనేవారు. నామం అంటే పేరు కాబట్టి తనకా బిరుదు వచ్చిందని అతను అనేవాడు. నామం పెట్టడం అంటే ఇంకో అర్థం కూడా ఉందని, అతని దగ్గర పేరు పెట్టించుకున్నవాళ్ళు అనేవారు.

"ఏం మామా, ఈగలు తోలుకుంటున్నావు?" అన్నాడు వరహాలు.

"ఈగలు కూడా లేవురా. అవీ తేనెనీళ్ళ కొట్టుకే పోయాయి."

"పోవూ మరి? చేదు కొట్టు అంటే ఎవడొస్తాడు? నువ్వు అమ్మేది మందా, శాపమా?"

"ఆ పేరు నేను పెట్టలేదు. తాగినవాళ్ళు పెట్టారు."

"అదే నీ తప్పు. మన పేరు మనం పెట్టుకోకపోతే లోకం పెడుతుంది. లోకం ఎప్పుడైనా మంచి పేరు పెట్టగా చూశావా?"

ఆ మాట కోటిలింగానికి సరిగ్గా పుండు మీద తగిలింది.

"అయితే కోటిలింగం వైద్యశాల అని రాయించమంటావా?"

వరహాలు నవ్వాడు. "నీ పేరు ఎవడికి కావాలి మామా? ఒక పూట కచేరీ చెట్టు కింద నిలబడి విను. ఒక్కడైనా కోటిలింగం ఎక్కడ అంటాడేమో. జ్వరమొచ్చింది అంటాడు. చచ్చిపోయేట్టున్నాను అంటాడు. అడిగేవాడి నోట్లో ఏ మాట ఉందో అది నీ పలక మీద ముందుండాలి. జ్వరం ముందు. దాని వెనక చావు. నీ పేరు ఆఖర్న, చోటు మిగిలితే."

"చావు అని పలక మీద రాసుకుంటే బాగుంటుందంటావా?"

"ఉత్త చావు కాదు మామా. చావు తప్పించే అని. చదువుకున్నవాడికి తేడా తెలుస్తుంది."

కోటిలింగం చదువుకోలేదు. ఆ సంగతి ఒప్పుకోవడం ఇష్టం లేక తల ఊపాడు.

వరహాలు తన కూలి కింద రెండు తేనెపట్లు చంకన పెట్టుకుని, వడ్రంగిపిట్టని పిలిపించి, బారెడు పలక మీద ఇలా చెక్కించాడు:

"జ్వరంతో వచ్చినవారికి చావు తప్పించే, నొప్పులు పోగొట్టే, వానైనా ఎండైనా తెరిచి ఉండే, తాతల నాటి నుంచి పేరున్న, అడవిలోకెల్లా గొప్పదైన కోటిలింగం వైద్యశాల."

కోటిలింగం ఆ పలక కింద నిలబడి చాలాసేపు పైకి చూశాడు. తన పేరు అంత పెద్ద చెక్క మీద ఉండటం అతనికి అదే మొదటిసారి.

ఆ అడవి భాష మన భాష లాంటిదే. అసలు సంగతి ఆఖర్న వస్తుంది. కాదు అన్నా, లేదు అన్నా, తప్పించే అన్నా, చెప్పాల్సిన మాట వెనకే నడిచొస్తుంది. చివరిదాకా వినే మర్యాద ఉన్నవాళ్ళ కోసం పుట్టిన భాష అది. నామాల వరహాలు అన్ని లెక్కలూ వేశాడు గాని ఈ ఒక్క లెక్క వేయలేదు.

పున్నమి వచ్చింది. పేరిందేవమ్మ ఎగిరొచ్చి పలక చదివింది. కళ్ళు మూసుకుని గోళ్ళ మీద అక్షరాలు లెక్కపెట్టుకుంది. వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఒక కుందేలు ముక్కు కారుతూ కచేరీ కిందికొచ్చింది.

"జ్వరమమ్మా. మందెక్కడ?"

"మొదటిది, అమృతధార," అంది పేరిందేవమ్మ. "రెండోది, జ్వరంతో వచ్చినవారికి చావు." చెప్పి చిన్నగా దగ్గింది.

కుందేలు చెవులు రెండూ నిలబడ్డాయి. "రెండోది ఇంకోసారి చెప్పు."

"జ్వరంతో వచ్చినవారికి చావు." మళ్ళీ దగ్గింది.

"ఆ దగ్గేమిటి?"

"ఇంకా ఉందని."

"చావు తర్వాత ఇంకేముంటుంది తల్లీ?" అని కుందేలు వచ్చిన జ్వరం వచ్చినట్టే ఉండగా అమృతధార వైపు పరుగెత్తింది.

ఇదేమీ కోటిలింగానికి తెలియదు. పసరు నూరి, దొన్నెలు కుట్టి, కొత్త పలక కింద కూర్చున్నాడు. మూడు రోజులు పిట్ట కూడా వాలలేదు. నాలుగో రోజు వాలింది. ఒకటి కాదు, మూడు. మూడూ రాబందులే. ఎదురుగా ఎండిన కొమ్మ మీద సర్దుకుని కూర్చున్నాయి. వాటిలో పెద్దవాడు బైరాగి. మెడ ముడతలు పడ్డ ముసలివాడు, మహా మర్యాదస్తుడు.

కోటిలింగం ఆశగా లేచాడు. "ఎవరికండీ జ్వరం?"

"మాకెవరికీ లేదు బాబూ," అన్నాడు బైరాగి. "మీ పని మీరు కానివ్వండి."

"పనేం లేదండీ. ఎవరూ రావడం లేదు."

"వస్తారు. తొందరేముంది? మేం తొందరపడే జాతి కాదు."

"మరి ఇక్కడికి..."

"కచేరీలో అడిగామండీ, ఈ చుట్టుపక్కల చావు ఎక్కడ అని. ఆవిడ ఒకే ఒక్క పేరు చెప్పింది. మీదే. ఇన్నాళ్ళకి ఒకరు దాపరికం లేకుండా పలక పెట్టారని మావాళ్ళంతా సంతోషించారు. మామూలుగా అలాంటి చోట్లకి వేరే పేర్లు పెడతారు."

కోటిలింగం చేతిలో దొన్నె కింద పడింది. అప్పటికప్పుడు కచేరీకి పరుగెత్తాడు.

"పేరిందేవమ్మా, నా పలక మీద ఏముంది?"

ఆమె ఒక్క ఊపిరిలో చెప్పింది. దగ్గింది.

"ఆ దగ్గులో నా బతుకంతా ఉంది తల్లీ. అదొక్కటి మింగేశావు."

"ఉండొచ్చు. నా దగ్గర అంత ఊపిరి లేదు."

"పోయిన ఏడు నీ గొంతు పూడుకుపోతే నా కొట్టుకే వచ్చావు. నా పసరే తాగావు. నేను చంపేవాణ్ణా?"

"కావు," అంది పేరిందేవమ్మ. "కానీ నాకు తెలిసింది చెప్పమని నన్నిక్కడ కూర్చోబెట్టలేదు. రాసింది చెప్పమని కూర్చోబెట్టారు. పలక మార్చుకో. వచ్చే పున్నమికి చదువుతాను."

"అప్పటిదాకా?"

"అప్పటిదాకా అదే పేరు. తరవాతి వాళ్ళు రండి."

వడ్రంగిపిట్ట ఎక్కడుందో తెలుసుకునేసరికి కోటిలింగానికి నాలుగు రోజులు పట్టింది. అయిదో రోజు అక్కడికి బయల్దేరితే, దారిలో వరహాలు ఎదురొచ్చాడు, మొహం వెలిగిపోతూ.

"మామా, నువ్వే మొదటి పేరు. పొద్దున విన్నాను. అమృతధార రెండోది."

"ఎలా అయింది? ఒక్కడూ రాలేదే."

"రాకపోవడమేమిటి? మూడు రాబందులు ముప్ఫై అయ్యాయి. నీ గుమ్మం ముందు మట్టి కనపడటం లేదు, అన్నీ అడుగులే."

"అవి రాబందుల అడుగులురా."

"అడుగులు అడుగులే మామా. వీర్రాజు తన ఇంటిల్లిపాదినీ నడిపించుకుంటే నువ్వు పరాయివాళ్ళని నడిపించావు. ఎవరిది గొప్ప? మొదటి పేరు చేతికొచ్చాక పలక దించేవాడెవడైనా ఉంటాడా? నాలుగు రోజులు ఓపిక పట్టు. పేరు నిలబడితే జనం వాళ్ళే అలవాటు పడతారు."

తప్పంతా నక్కదే అనడం తేలిక. కానీ కోటిలింగం వెనక్కి తిరిగి ఇంటికి నడిచాడు, వడ్రంగిపిట్ట దగ్గరికి వెళ్ళలేదు. మొదటి పేరు అన్న మాట అతని చెవిలో తేనెలా కారింది. అడవికి చేదు తాగించినవాడు తను మాత్రం తీపికి లొంగిపోయాడు.

వారం గడిచింది. జ్వరాలు పెరిగాయి. ఒక మధ్యాహ్నం దుప్పి సూరమ్మ పిల్లని ముందు పెట్టుకుని చేదు కొట్టు దారిన వచ్చింది. పిల్ల నాలుగు అడుగులు వేసి నిలబడుతోంది, మళ్ళీ నాలుగు వేస్తోంది. కచేరీలో ఏం చెప్పారో సూరమ్మా విన్నది. అయినా ఆమె తల్లికి కోటిలింగం పసరే నయం చేసింది కాబట్టి ధైర్యం చేసి వచ్చింది.

ముప్ఫై రాబందులు ఒకేసారి మెడలు తిప్పి పిల్లని చూశాయి. బైరాగి పక్కకి జరిగి దారి ఇచ్చాడు.

"రండమ్మా, రండి. మీ కోసమే చూస్తున్నాం."

సూరమ్మ నిలబడిపోయింది. పిల్లని కడుపు కిందికి లాక్కుంది. వెనక్కి తిరిగింది.

కోటిలింగం దొన్నె పట్టుకుని వెనకాల పరుగెత్తాడు. "సూరమ్మా, ఆగు. నేనేగా. మీ అమ్మకి మందిచ్చిన కోటిలింగాన్నే."

"నువ్వేలే అన్నా," అంది సూరమ్మ నడుస్తూనే. "నువ్వు నాకు తెలుసు. కానీ వాళ్ళు ఊరికే కూర్చునేవాళ్ళు కాదు కదా."

"వాళ్ళు పలక చూసి వచ్చారమ్మా."

"నేనూ పలక వినే వచ్చాను."

ఆమె వాగు దాటి అమృతధార వైపు వెళ్ళిపోయింది. కోటిలింగం చేతిలో పసరు సగం ఒలికిపోయింది. ఆ పిల్లకి పట్టింది ఏ జ్వరమో దూరం నుంచే అతనికి తెలుసు. తేనెనీళ్ళతో అది ఎన్నాళ్ళు నిలుస్తుందో కూడా తెలుసు.

అతను ఇంటికొచ్చి, ఎవరినీ అడక్కుండా, పలక దించి మూలకి తిప్పి పెట్టాడు.

అది చూసి రాబందులు కంగారుపడ్డాయి. పన్నెండు రోజులుగా కడుపు మాడ్చుకుని కూర్చున్న చోట యజమాని పలక దించేస్తే ఏమనుకోవాలి? బైరాగి నేరుగా పెద్దపులి దొర దగ్గరికి ఎగిరి ఫిర్యాదు పెట్టాడు: ఎలుగుబంటి కోటిలింగం, చావు అని పలక పెట్టి, దూరాభారం నుంచి వచ్చినవారికి ఒక్క చావూ చూపించకుండా పలక దాచేశాడు.

పెద్దపులి ఫిర్యాదు చదివించుకుని మీసం దువ్వాడు. పలక మీద ఒకటి రాసి ఇంకొకటి ఇవ్వడం అడవిలో నేరం. రుజువైతే అడవి విడిచి పోవాలి. విచారణ రెండుసార్లు వాయిదా పడింది. ఒకసారి దొర నిద్రలో ఉన్నారు, ఒకసారి దొర భోజనంలో ఉన్నారు. మూడోసారి వాగు పక్కన బండ మీద అందరూ చేరారు. కాస్త దూరంలో సూరమ్మ పిల్లని వాగు నీళ్ళలో తడుపుతోంది. దాని ఒళ్ళు అంత కాలిపోతోంది.

పలక తెచ్చి దొర ముందు పెట్టారు.

"దొరా, ఒక్కసారి చివరిదాకా చదివించండి," అన్నాడు కోటిలింగం. "చావు తప్పించే అని ఉంది."

"పలకలన్నీ చివరిదాకా చదివే తీరిక రాజ్యానికి లేదు," అన్నాడు పెద్దపులి. "కచేరీలో ఏం పలికితే అదే పేరు. ఏమ్మా పేరిందేవమ్మా, ఇంకొంచెం ఊపిరి పట్టలేవా?"

"ఇతని పేరుకి రెండక్షరాలు తక్కువ పడ్డాయి దొరా," అంది పేరిందేవమ్మ. "పద్నాలుగు పలకాలి. నా రూలు పన్నెండు."

పెద్దపులి న్యాయమైనవాడు. ఎవరినీ నొప్పించడు. "ఇతనికి పద్నాలుగు కావాలి, నీది పన్నెండు. మధ్యలో ఖాయం చేస్తున్నాను. ఇకనుంచి పదమూడు."

సభ అంతా దొర తెలివిని మెచ్చుకుంది. పదమూడు అక్షరాల్లో కూడా తప్పించే అన్న మాట పట్టలేదు.

బైరాగి ముందుకొచ్చి వాంగ్మూలం ఇచ్చాడు. "మేం పన్నెండు రోజులు కూర్చున్నామండీ. ఆ పన్నెండు రోజుల్లో వచ్చింది నలుగురే, పాత ఖాతాదారులు, చెవుడు ఉన్నవాళ్ళు. నలుగురూ నడిచి వెళ్ళిపోయారు. ఏడో రోజున ముసలి అడవిపందిని మోసుకొచ్చారు. కళ్ళు తేలేసి ఉంది. దాన్ని చూడగానే మాకు ప్రాణం లేచొచ్చింది. ఇతను మూడు దొన్నెలు పట్టించాడు. సాయంత్రానికి అది లేచి, దుంపలు తవ్వుకుంటూ పోయింది. ఆ పూట మా పిల్లలు ఏడ్చారండీ."

"మరి అమృతధార దగ్గర కూర్చోలేకపోయారా?"

"మావాళ్ళు కొందరు మొదటినుంచీ అక్కడే ఉన్నారు దొరా. వాళ్ళకి ఏ లోటూ లేదు."

బండ చుట్టూ ఉన్న తలలన్నీ వాగు అవతలి కొట్టు వైపు తిరిగాయి. కొండముచ్చు వీర్రాజు గొంతు సవరించుకుని, "మా దగ్గరికి అన్ని రకాల వాళ్ళూ వస్తారు దొరా," అన్నాడు.

పెద్దపులి ఎలుగుబంటి వైపు తిరిగాడు. "కోటిలింగం, సూటిగా చెప్పు. ఆ పలక పెట్టాక నీ కొట్టులో ఒక్క చావైనా జరిగిందా? ఒక్కటి జరిగినా పలక నిజమే. ఫిర్యాదు కొట్టేస్తాను."

వరహాలు వెనకనుంచి అతని ఒంటిబొచ్చు లాగాడు. "ఒక్కటి ఉందని చెప్పు మామా. ఎవడు లెక్క చూస్తాడు? కొట్టు మిగులుతుంది, అడవి మిగులుతుంది, మొదటి పేరు మిగులుతుంది."

కోటిలింగం తల వంచుకుని నిలబడ్డాడు. ఈ అడవి దాటితే నేలవేము ఎక్కడ మొలుస్తుందో కూడా అతనికి తెలియదు. వాగు వైపు చూశాడు. సూరమ్మ పిల్ల మీద నీళ్ళు చల్లడం ఆపి, చెవులు నిక్కించి వింటోంది.

"లేదు దొరా," అన్నాడు. "పలక పెట్టాకా లేదు, అంతకుముందు నాకు గుర్తున్నంత వరకూ లేదు. ఎవరూ చావలేదు."

"నేరం ఒప్పుకున్నాడు," అని రాయించాడు పెద్దపులి.

అప్పుడు బైరాగి కల్పించుకున్నాడు. "మాకు ఇతని మీద పగేమీ లేదండీ. చెడ్డవాడు కాదు, చేతకానివాడు. అంత పెద్ద పలక పెట్టుకుని ఒక్కణ్ణీ చంపలేకపోయాడు. అడవి నుంచి వెళ్ళగొట్టకండి."

దొర కరుణించి శిక్ష తగ్గించాడు. వచ్చే వానాకాలం దాకా కోటిలింగం ఏ పలకా కట్టకూడదు. రాబందుల పస్తులకి అందరి ముందూ క్షమాపణ చెప్పాలి.

కోటిలింగం చేతులు జోడించాడు. "మీ ఆకలి తీర్చలేకపోయాను బాబూ. నా వల్ల కాలేదు. క్షమించండి."

"పర్వాలేదు," అన్నాడు బైరాగి. రాబందులన్నీ లేచి, వాగు దాటి, అమృతధార వైపు ఎగిరిపోయాయి.

క్షమాపణ మాట పూర్తవకముందే సూరమ్మ పిల్లని మెడ పట్టి లేపి నడిపించడం మొదలుపెట్టింది. అది నిలబడలేకపోతే తలతో నెట్టింది. కోటిలింగం ఇంటికి చేరేసరికి ఆమె గుమ్మంలో కూర్చుని ఉంది.

"తొందరగా నూరు అన్నా. ఎంత చేదుగా ఉంటే అంత చేదుగా నూరు."

పిల్ల మొదటి గుక్క ఉమ్మేసింది. రెండోది సగం మింగింది. మూడోది మింగి కోటిలింగం చెయ్యి కరిచింది. కరిచే బలం వచ్చిందని కోటిలింగం సంతోషించాడు. రెండు రోజులు అది పడుకున్న చోటే పడుకుంది. మూడో రోజు లేచి, తల్లి వెంట మేతకి వెళ్ళింది. సూరమ్మ గుమ్మం దగ్గర నోటినిండా ఇప్పపూలు పెట్టి పోయింది.

వాగు దగ్గర పిల్లని చూసినవాళ్ళు ఆమెని అడిగారు.

"ఎక్కడ చూపించావే? మొన్న దీనికి కాళ్ళు ఆనలేదే."

"అదేనమ్మా, రాబందులు పస్తున్న కొట్టులో."

ఆ మాట చెప్పగానే ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయేది. విన్నవాళ్ళు ఒక్క క్షణం ఆలోచించుకుని, జ్వరమున్న పిల్లల్ని లేపుకుని బయల్దేరేవారు. పున్నమి నాడు పేరిందేవమ్మ అడవి తిరిగింది. కోటిలింగం గుమ్మం ముందు పలక లేదు. అందుకని వచ్చిపోయేవాళ్ళ మాట విన్నది. గోళ్ళ మీద లెక్కపెట్టుకుంది. తొమ్మిది అక్షరాలు. దగ్గనక్కర్లేదు.

మర్నాటి నుంచి కచేరీలో అదే పేరు.

కోటిలింగం విని, మనసు ఊరుకోక, ఒకసారి చెట్టు కిందికి వెళ్ళాడు. "కాస్త మర్యాదగా ఉండేది ఏదైనా పలకకూడదా తల్లీ? రాబందులూ, పస్తులూ ఎందుకు నాకు?"

"పలక లేదుగా నీకు," అంది పేరిందేవమ్మ. "తరవాతి వాళ్ళు రండి."

తరవాతి వాళ్ళు పదకొండు మంది ఉన్నారు. పదకొండు మందీ అతని వెంటే నడిచి కొట్టుకి వచ్చారు. ఆ రోజు నేలవేము నూరేసరికి అతని చేతులు పడిపోయాయి. పేరు గురించి ఆలోచించే తీరిక దొరకలేదు.

నామాల వరహాలు మాత్రం ఊరుకోలేదు. వాగు దాటి వీర్రాజు దగ్గరికి వెళ్ళి, "బావా, ఇప్పుడు అడవిలో నడిచే పేరు రాబందుల పస్తు. నీక్కూడా అలాంటి ఫిర్యాదు ఒకటి వేయించాలి," అని మూడు తేనెపట్లు పట్టుకుపోయాడు.

వీర్రాజు ఆ సాయంత్రమే బైరాగినీ అతనివాళ్ళనీ వరసగా కూర్చోబెట్టి బతిమాలాడు. "మా కొట్టులో ఒక్కడూ చావడం లేదని, మీరు పస్తులుంటున్నారని దొర దగ్గర ఒక్క మాట చెప్పండి బాబూ. మీకేం కావాలన్నా చూసుకుంటాను."

రాబందులు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. బైరాగి ముక్కు కొమ్మకి తుడుచుకుని, నిండిన పొట్ట సవరించుకున్నాడు.

"అబద్ధం ఎలా చెప్పమంటారండీ? మీ దగ్గర మాకు ఫిర్యాదంటూ ఏముంది?"

కాబట్టి మంచి పేరు కావాలనుకునే వ్యాపారి పలక చెక్కేవాణ్ణి వెతుక్కోనక్కర్లేదు. తన గుమ్మం నుంచి ఆకలితో తిరిగిపోయే ఒక్క రాబందుని సంపాదించుకుంటే చాలు.